తెల్లగీత

కీళ్లడాక్టరు అసలు డాక్టరే కాడు. ఆ సంగతి తెలియక మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చిన ముసలమ్మలు ఒకరిద్దరు అతన్ని నోరారా తిట్టి దిగిపోయారు కూడా. సైకిల్ రిపేరు షాపు మీద ఉన్న ఇరుకు గదిలో కూర్చుని అతను చూసేవి బొమ్మల కీళ్లు. చూడటానికి కారులాగే ఉండి, తలుపులు విప్పి, ఛాతీ తెరిచి, చేతులూ కాళ్లూ బయటికి లాగితే రోబోగా లేచి నిలబడే బొమ్మలు. చిన్నప్పుడు వాటితో ఆడుకుని, మీసాలు నెరిశాక మళ్లీ వాటికోసం పిచ్చెక్కి తిరిగేవాళ్లు ఊరినిండా ఉన్నారు. కొనబోయే ముందూ, మార్చుకోబోయే ముందూ, మార్చుకున్నాక జుట్టూ జుట్టూ పట్టుకున్నప్పుడూ బొమ్మను మెత్తటి గుడ్డలో చుట్టి అతని దగ్గరికే తెచ్చేవాళ్లు. అది అసలుదా నకలుదా, ఎండకు రంగు తిరిగిందా, ఎక్కడైనా అంటించి పైన రంగేశారా అన్నది తేల్చి చెప్పడం అతని బతుకుతెరువు.

బొమ్మను చెవి దగ్గర పెట్టుకుని భుజం ఒక్కసారి తిప్పేవాడు. టిక్కుమనే ఆ చప్పుడులో దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ అతనికి వినిపించేవి. రెండోసారి తిప్పమంటే కస్సుమనేవాడు. తిప్పినప్పుడల్లా కీలు అరుగుతుందని అతని బాధ.

విరిగిన బొమ్మ వస్తే అతని పద్ధతి వేరు. కింద పడి విరిగితే ఎక్కడో ఒక మూల నొక్కుకుపోతుంది, రంగు గీరుకుపోతుంది, ముక్క శుభ్రంగా విడిపోతుంది. బలవంతంగా తిప్పి విరిస్తే మాత్రం ప్లాస్టిక్ విరిగేముందు తెల్లబడుతుంది. విరిగిన చోట చుట్టూ సన్నటి తెల్లగీత మెలిక తిరిగి ఉంటుంది. తెచ్చినవాళ్లు ఎన్ని ఒట్లు పెట్టినా ఆ గీత చెరగదు. "చేతిలోంచి జారిపోయిందండీ" అని ఏడుపుమొహం పెట్టినవాళ్లను "జారలేదులెండి, ఎవరిమీద కోపం?" అని అడిగేవాడు.

బొమ్మల విషయంలో ఇంత చురుకైనవాడు, సొంత అక్క విషయంలో మాత్రం కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

అక్క కళ్లజోళ్ల షాపులో పనిచేసేది. కంటికి ఆనని మరలను బిగించడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్లిద్దరికీ కలిపి మేనమామ ఇచ్చిన ఎర్రకారు ఒకటి ఉండేది. చేతులూ తలుపులూ ప్లాస్టిక్కే గానీ ఒళ్లంతా ఇనుము, ఎత్తితే చెయ్యి లాగేసేది. తమ్ముడు ఆత్రంగా చెయ్యి పట్టుకుని లాగబోతే అక్క నెత్తిమీద ఒక్క మొట్టికాయ వేసి నేర్పింది. "ముందు తలుపులు. తర్వాత ఛాతీ. ఆ తర్వాతే చేతులు. తొందరపడ్డావో, భుజం పోతుంది." కీళ్లడాక్టరు ఈరోజు తినే అన్నం ఆ మొట్టికాయ పెట్టిందే.

బావ, బావ కాకముందు, అతని దగ్గరికి బొమ్మలు తెచ్చేవాళ్లలో ఒకడు. పెద్ద షోరూంలో మేనేజరు. ఇస్త్రీ మడత నలగని మనిషి. మొదటిరోజు బొమ్మ ముట్టుకునే ముందు సబ్బు అడిగి చేతులు కడుక్కున్నాడు. వేలి కొసలతో తలుపు తెరుస్తుంటే నిద్రపోతున్న పసిపిల్ల దుప్పటి సర్దుతున్నట్టుంది. కీళ్లడాక్టరు పొంగిపోయాడు. ఎంతో మందిని చూశాడు, అలాంటి చేతులు చూడలేదు. ఇంటికెళ్లి అక్కను కూర్చోబెట్టి చెప్పాడు.

"బొమ్మనే అంత సుతారంగా పట్టుకునేవాడు, మనిషిని ఎంత బాగా చూసుకుంటాడో ఆలోచించక్కా."

"నన్ను కూడా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాడేమో, ముందు అది కనుక్కో," అని అక్క పకపకా నవ్వింది. నవ్వినా తమ్ముడి మాట నమ్మింది. వాడు వస్తువు చూసి చెప్పాడంటే తిరుగుండదని ఆమెకు గట్టి నమ్మకం. పెళ్లిరోజున తమ్ముడు ఎర్రకారును తుడిచి, మెరుగుపెట్టి బావ చేతిలో పెట్టాడు. అక్కను అప్పగించినంత బరువుగా అనిపించింది అతనికి.

పెళ్లయ్యాక అక్క పడటం మొదలుపెట్టింది.

బాత్రూంలో జారి పడింది, కనుబొమ్మ చిట్లింది. మెట్ల మీద పడింది, పన్ను కదిలింది. బీరువా తలుపు తగిలిందని ఒకసారి మెడ చుట్టూ గుడ్డ చుట్టుకుని వచ్చింది. బీరువా తలుపు మెడకెలా తగులుతుందని అడగాల్సినవాడు "చూసుకుని నడవొచ్చుగా అక్కా" అని మందలించాడు. మందలించాడు, మహానుభావుడు! ఆవగింజంత మరను తడబడకుండా బిగించే మనిషి నడవలేక పడుతోందని నమ్మాడు. నమ్మకపోతే ఆ చేతులను మెచ్చుకున్న నోటిని ఏం చేసుకోవాలో అతనికి తెలియదు.

ఆదివారం పొద్దున బావ ఫోన్ చేశాడు.

"ఎర్రకారు చెయ్యి ఊడింది. మీ అక్క నిర్వాకం. వెంటనే రా."

వెళ్లేసరికి తలుపు బావే తీశాడు. తెల్ల చొక్కా, తెల్లటి నూలు చేతితొడుగులు. బొమ్మల గదిలో ఎండ పడకుండా కర్టెన్లన్నీ మూసి ఉన్నాయి. నాలుగు గోడలకూ అద్దాల బీరువాలు, వాటిలో దీపాలు, దీపాల కింద వరసగా బొమ్మలు. వాటన్నింటి మధ్య ముక్కాలి పీట మీద అక్క కూర్చుని ఉంది. ఎడమచేతిని పాత తువ్వాలుతో మెడకు కట్టుకుంది. మోచేతి కింద చెయ్యి ఉబ్బి నల్లబడింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి.

"అక్కా! ఏమైంది?"

"బాత్రూంలో జారాను," అంది అక్క నేల చూస్తూ.

"నిన్న నా బొమ్మను పడేసింది, ఆ తర్వాత తనే పడింది," అని బావ నవ్వాడు. "ఒకదానికొకటి చెల్లు."

"ఆస్పత్రికి తీసుకెళ్లలేదా?"

"వెళ్దాం. ముందు ఇది చూడు. నువ్వు చెప్పేది తను కూడా వినాలి, అందుకే ఇక్కడ కూర్చోబెట్టాను. విలువ తెలియనివాళ్ల ఇంట్లో ఇలాంటివి ఉంటే ఏమవుతుందో తెలుసుకోవాలి."

బల్ల మీద పరిచిన గుడ్డపై ఎర్రకారు సగం కారుగా, సగం మనిషిగా వెల్లకిలా పడి ఉంది. ఎడమచెయ్యి పక్కన విడిగా ఉంది. కీళ్లడాక్టరు భూతద్దం తీశాడు. ముందు మూలలు చూశాడు. ఎక్కడా నొక్కు లేదు. రంగు చూశాడు. తను పెట్టిన మెరుగు పెట్టినట్టే ఉంది. చక్రాలు, అద్దం, స్టిక్కర్లు అన్నీ క్షేమం. ఛాతీ మూసే ఉంది. అప్పుడు భుజం చూశాడు.

తెల్లగీత. కీలు చుట్టూ మెలిక తిరిగి, పుండులా తేరి చూస్తోంది.

తల ఎత్తకుండానే కళ్లు మాత్రం పక్కకు తిప్పి అక్క చేతిని చూశాడు. తువ్వాలు జారిన చోట, మణికట్టు మీద, వాపు మధ్యలో నాలుగు వేళ్ల అచ్చులున్నాయి. నాలుగూ ఏటవాలుగా, ఒకే వైపుకు మెలితిరిగి ఉన్నాయి.

ఇన్నాళ్లూ అక్క పడిన మెట్లు, జారిన బాత్రూములు, తగిలిన తలుపులు అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ఉన్నది ఉన్నట్టు చెబితే, తను గడప దాటాక అక్కకు ఏం జరుగుతుందో తెలుసు. చెప్పకపోతే అక్క ఇలాగే పడుతూ పడుతూ ఒకరోజు ఇక లేవదని కూడా ఇప్పుడు తెలిసింది.

"నువ్వే పడేశావా అక్కా?"

"నేనే," అంది అక్క. ఆ గొంతు ఎన్నోసార్లు వల్లెవేసిన గొంతు.

"విన్నావుగా," అన్నాడు బావ. "ఇక నువ్వు చెప్పు. పడేగా విరిగింది?"

కీళ్లడాక్టరు పిరికివాడు, దాచేదేం లేదు. వీధిలో ఎవరైనా గొంతు పెంచితే పక్క సందులోంచి పోయే రకం. కానీ జీవితంలో ఒక్క బొమ్మ గురించి కూడా అబద్ధం చెప్పి ఎరగడు. ఆ అలవాటే అప్పుడు నోరు తెరిపించింది.

"పడలేదు బావా. తిప్పితే విరిగింది. ఛాతీ తెరవకుండానే చెయ్యి లాగావు. కోపంలో లాగావు."

బావ ఒక్కొక్క వేలూ లాగి చేతితొడుగులు విప్పాడు, మడతపెట్టి బల్ల అంచున పెట్టాడు. ఆ తర్వాత రెండడుగుల్లో అక్కను చేరుకుని చెంప మీద కొట్టాడు. పీటతో సహా అక్క పక్కకు ఒరిగింది.

"ఫోన్‌లో ముందే చెప్పేశావా తమ్ముడికి? నా ఇంట్లో నా మీదే చాడీలా?"

"లేదండీ, ఒట్టు, నేను..."

బావ ఆమె కట్టుకున్న తువ్వాలు పట్టుకుని లాగాడు. విరిగిన చెయ్యి ఊగింది. అక్క వేసిన కేకకు బీరువా అద్దాలు ఘల్లుమన్నాయి. కీళ్లడాక్టరు తనకే తెలియకుండా బావ మీదికి ఉరికాడు. వెనకనుంచి మెడ పట్టుకుందామనుకున్నాడు పాపం. బావ మోచెయ్యి విసిరాడు. అది ముక్కు మీద దిగింది. లోపల ఏదో పటుక్కుమంది, వేడి నెత్తురు నోట్లోకి జారింది. కిందపడ్డవాడిని డొక్కలో తన్నాడు. మళ్లీ తన్నాడు. ఊపిరి ఆడక అతను నేల మీద చేపలా గిలగిల్లాడాడు. ఆ మాత్రానికే వాడి పని అయిపోయిందనుకుని బావ మళ్లీ అక్కవైపు తిరిగి జుట్టు చేతికి చుట్టుకున్నాడు, తల గోడకేసి కొట్టాడు. గోడ మీద ఎర్రటి మరక పడింది. ఇంకోసారి కొట్టడానికి తల వెనక్కి లాగాడు.

కీళ్లడాక్టరు బీరువా పట్టుకుని లేచాడు. తను బావను కొట్టలేడు. కొట్టినా దోమ కుట్టినట్టే. చేతికి అందిన అర తెరిచి, వెండిరంగు బొమ్మను బయటికి తీశాడు. అలాంటిది ఆ ఊళ్లో ఇంకొకటి లేదు, తనే భూతద్దం కింద పెట్టి ఆ మాట చెప్పాడు. దాని కాలు పట్టుకుని, కీలు ఎటు తిరగకూడదో అటు తిప్పాడు.

ఫట్.

బావ చెయ్యి గాల్లో ఆగిపోయింది. భార్య తల పగిలినప్పుడు రాని భయం ఇప్పుడు ఆ మొహంలోకి వచ్చింది.

"ఏయ్... ఏయ్! అది..."

"వదులు అక్కను."

"ఒరేయ్, దానికి విలువ..."

రెండో కాలు కూడా ఫట్‌మంది. ఆ ప్లాస్టిక్ వేళ్ల కింద తెల్లబడుతుంటే కీళ్లడాక్టరుకు సొంత ఒళ్లు విరుస్తున్నట్టే ఉంది. కన్నీళ్లు, నెత్తురు, చీమిడి కలిసి గడ్డం మీదికి కారుతున్నాయి. ఆగలేదు. నీలం కారు తల పీకేశాడు. పచ్చదాని నడుము మెలిపెట్టాడు. బావ వెతికి వెతికి తెచ్చుకున్న మెరుపు పూత బొమ్మ రెక్కను మోకాలికేసి విరిచాడు. ఒక్కొక్క చప్పుడుకూ బావ గావుకేక పెట్టాడు. చివరికి జుట్టు వదిలేసి ఇతని మీదికి దూకాడు.

ఇద్దరూ కింద పడ్డారు. బావ మోకాలు అతని ఛాతీ మీద దిగింది.

"ఈ చేతులేగా," అన్నాడు బావ పళ్లు నూరుతూ. "ఈ చేతులతోనేగా."

కుడిచేతి చూపుడువేలు పట్టుకుని వెనక్కి వంచాడు. కీళ్లడాక్టరుకు ఏం జరగబోతోందో వేలు విరిగే ముందే తెలిసింది. బిగువు ఎక్కడిదాకా ఓరుస్తుందో, ఎక్కడ ఓడిపోతుందో తెలిసినవాడు. వేలు ఓడిపోయింది. ఆ చప్పుడు అతనికి బాగా పరిచయమైన చప్పుడే, ఎంతో దూరం నుంచి విన్నట్టనిపించింది. బావ మధ్యవేలు పట్టుకున్నాడు.

అప్పుడు ధబ్‌మని ఇంకో శబ్దం వచ్చింది. బావ నుదుటి మీద చర్మం తెరుచుకుంది. పక్కనే అక్క నిలబడి ఉంది, మంచి చేతిలో ఎర్రకారు ఉంది. ఇనుప ఒళ్లు, పాతకాలం బరువు. బావ తల తిప్పి నమ్మలేనట్టు చూశాడు. అక్క మళ్లీ కొట్టింది. అతను పక్కకు కూలాడు. అక్క వంగి మళ్లీ కొట్టింది, భుజం మీద, చెవి మీద, అడ్డుపెట్టిన చేతి మీద. నోట్లోంచి మాట రావడం లేదు, మూలుగు మాత్రం వస్తోంది. ఇన్నాళ్లూ మింగిందంతా ఆ మూలుగులో కక్కుతున్నట్టుంది. తమ్ముడు లేచి, మంచి చేత్తో ఆమె నడుము పట్టుకుని వెనక్కి లాగాడు.

"చాలు అక్కా. చచ్చిపోతాడు. చాలు, నా తల్లీ."

అక్క వగరుస్తూ ఆగింది. బావ చావలేదు. మోకాళ్ల మీద లేచి, కళ్లలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ, నేలంతా చెదిరిన ముక్కలను దగ్గరికి పోగుచేసుకోవడం మొదలుపెట్టాడు. చిన్న కాళ్లు, చిన్న చేతులు, ఒక తల. "అతుకుతుందా?" అన్నాడు కీళ్లడాక్టరును చూసి, కొట్టుకు వచ్చిన పాత ఖాతాదారులా. "చెప్పు. ఇది అతుకుతుందా?"

భార్యకు కారుతున్న నెత్తురు వైపు కన్నెత్తి అయినా చూడలేదు. అక్కాతమ్ముళ్లు అతన్ని దాటుకుని బయటికి నడిచారు.

ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఒక నడివయసు ఆవిడ. కళ్ల కింద నల్లటి వలయాలు, గొంతులో విసుగు. అక్క తలకు కుట్లు వేశారు, తమ్ముడి వేలికి కట్టు కట్టారు, ఎక్స్‌రేలు తీశారు. ఆవిడ అక్క ఎక్స్‌రేను వెలుగుపలక మీద పెట్టింది. కీళ్లడాక్టరు కుర్చీలోంచి ముందుకు వంగాడు. ఇక్కడ ఎముక తెల్లగా ఉంది, గీత నల్లగా ఉంది. మెలిక మాత్రం అదే. ఎముక చుట్టూ పైకెక్కుతూ, అదే మెలిక.

"ఎలా జరిగింది?" అని అడిగింది ఆవిడ కాగితం ముందుకు లాక్కుంటూ.

తలుపు తెరుచుకుంది. బావ వచ్చాడు. చొక్కా మార్చుకున్నాడు, తల దువ్వుకున్నాడు, మడతపెట్టిన చేతిరుమాలు నుదుటికి అదిమిపెట్టుకున్నాడు. నేరుగా వచ్చి అక్క కుర్చీ వెనక నిలబడి, ఆమె మంచి భుజం మీద చెయ్యి వేశాడు. వేలి కొసలతో, ఎంతో సుతారంగా. అక్క ఒళ్లు బిగుసుకుపోవడం తమ్ముడికి కనిపించింది.

"మెట్ల మీద పడింది డాక్టర్ గారూ," అన్నాడు బావ. "ఎన్నిసార్లు చెప్పినా వినదు, పరుగులు పెడుతూ దిగుతుంది. ఇంటికెళ్దాం పద. నేనేం అననులే."

డాక్టరు అతని నుదురు చూసింది. "మీకేమైంది?"

"పట్టుకోబోయి నేనూ పడ్డాను."

"ఈయన వేలు?"

"అదే గొడవలో..."

"అంటే ఒకే మెట్ల మీద ముగ్గురూ పడ్డారు." ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. బావ జవాబు కోసం చూడలేదు. అక్కనే చూస్తోంది. "అమ్మా, మీరు చెప్పండి. పడ్డారా?"

కీళ్లడాక్టరు నాలుక కొసదాకా వచ్చింది మాట. గీత ఏం చెబుతోందో లోకంలో అందరికంటే అతనికే బాగా తెలుసు. నోరు తెరిచాడు. బల్ల కింద అక్క కాలు అతని కాలిని తొక్కింది, చిన్నప్పటి మొట్టికాయంత గట్టిగా. అతను నోరు మూసుకున్నాడు. ఒకసారి ఆమె తరఫున బావ చేతులకు తను విలువ కట్టి చెప్పిన ఫలితం చాలు.

భుజం మీది చెయ్యి కొంచెం బిగిసింది. అక్క ఆ చేతిని చూసింది. తర్వాత తన ఒళ్లో ఉన్న సంచిని చూసింది, అందులో ఒంటిచేతి ఎర్రకారు ఉంది. మంచి చెయ్యి పైకెత్తి, భుజం మీది వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి కింద పడేసింది.

"ఎవరూ పడలేదు డాక్టర్ గారూ," అంది. "నా చెయ్యి తిప్పాడు. మా తమ్ముడి వేలు వెనక్కి వంచాడు. ఆ నుదురు నేను పగలగొట్టాను. మూడూ రాసుకోండి."